పగడాల మీది బాక్టీరియాను సరిగ్గా చదవడం ఎలా: విశాఖలో మొదలుపెట్టే విద్యార్థికి సమగ్ర మార్గదర్శి

"మేడం, మన విశాఖలో పగడపు దిబ్బలే లేవు కదా, వాటి మీది బాక్టీరియా గురించి ఇక్కడ కూర్చుని ఏం చేయగలం?" ప్రాజెక్టులు ఎంచుకునే రోజుల్లో ఏటా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. ధైర్యం చెప్పి పంపితే వారం తిరక్కుండా మళ్ళీ వస్తారు: నమూనా ఎలా తీయాలి, ఎందులో దాచాలి, ఏ ప్రైమరు (కావలసిన జన్యువును పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్క) వాడాలి? విడివిడిగా చెప్పీ చెప్పీ, ఇప్పుడు అంతా ఒకచోట, పని జరిగే వరుసలోనే రాస్తున్నాను.

ఈ పని పొడవునా ఒక ప్రశ్నను వెంట ఉంచుకోండి. చివరికి మీ పట్టికలో ఒక బాక్టీరియా పేరు కనిపిస్తుంది. అది పగడానిదా, చుట్టూ ఉన్న నీటిదా, మీ చేతిదా, డీఎన్ఏ తీసిన కిట్‌దా? ఆ రోజు దీనికి జవాబు చెప్పగలగాలంటే మొదటి రోజు నుంచే ఏర్పాట్లు చేసుకోవాలి. పడవ ఎక్కాక గుర్తుకొస్తే లాభం లేదు.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

పగడం ఒక ఉమ్మడి కుటుంబం. పాలిప్ అనే చిన్న జంతువు, దాని కణాల్లో కాపురముండే శైవలాలు, వాటితోపాటు బాక్టీరియా, ఆర్కియా, శిలీంధ్రాలు, వైరస్‌లు కలిసి బతుకుతాయి. ఈ మొత్తాన్ని హోలోబయోంట్ అంటారు.

ఈ ఇంటికి మూడు గదులున్నాయి. పైన జిగురు పొర, దాని కింద కణజాలం, అడుగున సున్నపు గూడు. మూడు గదుల్లోనూ నివాసులు వేరు. జిగురు పొర ఎప్పటికప్పుడు ఊడిపోయి కొత్తగా ఊరుతుంది, కాబట్టి చుట్టుపక్కల నీటి ప్రభావం దాని మీద ఎక్కువ. కణజాలంలో ఎండోజోయికోమోనాస్ అనే బాక్టీరియా కొన్ని పగడ జాతుల్లో ముద్దలు ముద్దలుగా గుంపు కట్టి ఉంటుంది. సున్నపు గూడును విరిచి చూస్తే కణజాలానికి కాస్త దిగువన ఆకుపచ్చ చార కనిపిస్తుంది. అది ఆస్ట్రియోబియం అనే శైవలం. గాలి అందని అలాంటి చోట్ల ప్రాణవాయువు అక్కర్లేని బాక్టీరియా కూడా బతుకుతుంది.

అందుకే "పగడాల మీద ఏ బాక్టీరియా ఉంది?" అనేది ప్రశ్న కిందికి రాదు. "ఒకే చోట పెరిగే పోరైటీస్, అక్రోపోరా జాతుల కణజాలంలోని బాక్టీరియా సముదాయాల మధ్య తేడా ఉందా?" అనేది ప్రశ్న. జాతి, చోటు, గది, పోలిక నాలుగూ అందులో ఉన్నాయి. అలాంటి వాక్యం రాయలేకపోతే ఇంకా సంచి సర్దకండి.

సంఖ్య కూడా ఇక్కడే తేల్చుకోండి. ఒక్కో జాతికి, ఒక్కో చోట కనీసం 5 వేరువేరు పగడపు గుంపులు కావాలి. 8 నుంచి 10 దొరికితే నిశ్చింత. ఒకే గుంపు నుంచి మూడు ముక్కలు విరిచి మూడు నమూనాలుగా లెక్క వేయడం ఏటా నేను దిద్దే తప్పు. అవి ఒకే ఇంటి మూడు కిటికీలు. లెక్కలో ఒకటే ఇల్లు.

2. అనుమతి లేకుండా చెయ్యి వేయకండి

దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంటే చట్టం దృష్టిలో వాటికి పులితో సమానమైన రక్షణ. పరిశోధన కోసమైనా ఆ రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి అనుమతి కావాలి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన ముక్కను కూడా "ఎవరికి పనికొస్తుందిలే" అని జేబులో వేసుకోకండి. స్వాబ్‌తో జిగురు తుడవడానికి విరిచే పని లేకపోయినా, దరఖాస్తులో దాన్ని కూడా రాయండి.

మనకు దేశంలో అందుబాటులో ఉన్న దిబ్బలు మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. విశాఖ నుంచి వెళ్ళే విద్యార్థులకు నేను సాధారణంగా మన్నార్ వైపు, మండపం చుట్టుపక్కల చెబుతాను. అక్కడి 21 దీవులు జాతీయ ఉద్యానంలో భాగం. కాబట్టి తమిళనాడు అటవీ శాఖ నుంచి కాగితం చేతికి రానిదే పడవ మాట్లాడకండి. దరఖాస్తు కనీసం 6 నెలల ముందు పెట్టండి. ఎన్ని ముక్కలు, ఎంత పరిమాణం, ఏ జాతి, ఏ ల్యాబులో ఉంచుతారు, చివరికి ఏం చేస్తారు, అన్నీ అందులో రాయండి.

సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాలు చదవడం) మన దేశంలోనే చేయించుకోండి. నమూనాలు విదేశీ ల్యాబుకు పంపాలంటే జీవవైవిధ్య చట్టం, 2002 కింద మరో వరుస కాగితాలు మొదలవుతాయి.

అనుమతి వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. తర్వాతి మెట్టు అందుకే.

3. విశాఖ రాళ్ళ మీద సాధన చేయండి

మన తీరంలో నీటి అడుగున రాళ్ళ మీద అక్కడక్కడా పగడాలు కనిపించినా, అవి దిబ్బలుగా పెరగలేదు. నదులు తెచ్చే మంచినీరు, బురద వాటికి పడవు. కానీ తెన్నేటి పార్కు కింది రాళ్ళ మీద, మంగమారిపేట వైపు, పాటు సమయంలో పలచటి పాలకూర ఆకుల్లా పచ్చటి నాచు అతుక్కుని ఉంటుంది. దాని పేరు ఉల్వా. దాని మీద కూడా సన్నటి జిగురు, అందులో బాక్టీరియా సముదాయం ఉంటాయి. పగడం మీద చేయబోయే ప్రతి పనినీ దీని మీద సాధన చేయవచ్చు.

ఇద్దరు కలిసి వెళ్ళండి. ఒకరు తాకాలి, ఒకరు రాయాలి. ఆటుపోట్ల పట్టిక చూసుకుని, అమావాస్య లేదా పౌర్ణమి దగ్గరి రోజుల్లో పాటు బాగా తీసినప్పుడు దిగండి. పట్టు ఉండే బూట్లు వేసుకోండి. ఆ నాచు రాళ్ళు సబ్బు రాసినట్టు ఉంటాయి. సముద్రానికి వీపు పెట్టి వంగకండి.

ఆ రోజు చేయవలసింది ఇది: 5 ఉల్వా ఆకుల నుంచి స్వాబ్‌లు, అదే చోట నుంచి లీటరు సముద్రపు నీరు, ఒక ఖాళీ నమూనా. ఖాళీ నమూనా అంటే స్వాబ్ తెరిచి, గాలిలో అంతే సేపు ఉంచి, దేన్నీ తాకకుండా ట్యూబులో పెట్టి మూయడం. అన్నిటి నుంచీ డీఎన్ఏ తీసి, పీసీఆర్ (ఎంచుకున్న డీఎన్ఏ ముక్కకు నకళ్ళు తీసే పని) దాకా తీసుకువెళ్ళండి. ఖాళీ నమూనాలో గట్టి బ్యాండు (జెల్ మీద కనిపించే డీఎన్ఏ గీత) వచ్చిందంటే మీ చెయ్యి ఇంకా కుదరలేదు. కుదిరేదాకా మండపం టికెట్టు తీయకండి.

4. సంచి సర్దుకోవడం

- నైట్రైల్ గ్లౌజులు. అనుకున్న దానికి రెట్టింపు తీసుకెళ్ళండి. ఒక్కో పగడపు గుంపుకు కొత్త జత.
- శుద్ధి చేసిన స్వాబ్‌లు, 2 మిల్లీలీటర్లు, 5 మిల్లీలీటర్ల స్క్రూ మూత ట్యూబులు.
- ఎముక కోసే కత్తెర, చిన్న ఉలి, సుత్తి. ఒక్కోటి కనీసం రెండు.
- ఒక్కో ముక్కకు ఒక్కో జిప్ సంచి. తెరవని కొత్త ప్యాకెట్టు.
- 0.22 మైక్రాన్ల వడపోత నుంచి తీసి, ఆటోక్లేవ్ చేసిన సముద్రపు నీరు, 2 లీటర్లు.
- నీటి నమూనాకు 0.22 మైక్రాన్ల వడపోత గొట్టాలు, 50 మిల్లీలీటర్ల సిరంజీలు.
- నిల్వ ద్రావణం. ట్యూబుల్లో ముందే, ల్యాబులోనే పోసి ఉంచినది.
- పలుచని బ్లీచింగ్ ద్రావణం, 70 శాతం ఆల్కహాలు, శుద్ధి చేసిన నీరు: పనిముట్లకు.
- థర్మామీటరు, లవణీయత చూసే రిఫ్రాక్టోమీటరు, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయడానికి నీటిలో పనిచేసే కెమెరా.
- పెన్సిళ్ళు, ట్రేసింగ్ కాగితం చీటీలు.

ఆఖరి దాని గురించి చెప్పాలి. మా మొదటి ప్రయాణంలో ట్యూబుల మీద మంచి మార్కరుతో, పెద్ద అక్షరాలతో రాశాం. సాయంత్రం లాడ్జి గదిలో పెట్టె తెరిస్తే ఒక ట్యూబు మూత కారి ఉంది. కారిన ఆల్కహాలు మిగతా ట్యూబుల మీదికి పాకి, 18 ట్యూబుల మీది సిరాను నీలిరంగు మరకలుగా మార్చేసింది. ఏది పోరైటీసో, ఏది అక్రోపోరానో కొంతవరకు కంటితో పోల్చుకోగలిగాం గానీ, ఏది ఏ గుంపుదో ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి ట్రేసింగ్ కాగితం ముక్క మీద పెన్సిలుతో నంబరు రాసి, ఆ చీటీని జిప్ సంచి లోపల ట్యూబుతోపాటు పెడుతున్నాం. పెన్సిలు గీతను ఆల్కహాలు కరిగించలేదు.

నిల్వ ద్రావణం ఎంపికలో చాలామంది తడబడతారు. ద్రవ నత్రజనిలో వెంటనే గడ్డకట్టించి, ఆ తర్వాత −80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచడం అన్నిటికంటే మేలు. పశువైద్యశాలల్లో వీర్యం నిల్వ చేసే నత్రజని క్యాన్లు చూసే ఉంటారు, అదే పద్ధతి. కానీ దానితో రైలెక్కడం ప్రమాదం, అనుమతీ ఉండదు. రైలులో వచ్చేవారికి నా సలహా డీఎన్ఏ/ఆర్ఎన్ఏ షీల్డ్ లాంటి, గది వేడిమిలో డీఎన్ఏను కాపాడే ద్రావణం. డబ్బు తక్కువైతే 95 శాతం ఆల్కహాలు. ఏది ఎంచుకున్నా అన్ని నమూనాలకూ అదే వాడండి. సగం ఒకదానిలో, సగం మరోదానిలో ఉంటే, చివర్లో కనిపించే తేడా పగడాలదో ద్రావణానిదో తేల్చలేరు.

5. నీటిలో దిగాక: ఈ వరుస మార్చకండి

ముందు తాకకుండా చేసే పనులు, తర్వాత తాకే పనులు, ఆఖరున విరిచే పనులు. తిరగేస్తే మీరు విరిచిన పగడం నుంచి కారిన జిగురును నీటి నమూనాగా పట్టుకుంటారు.

మొదట ఫోటో. స్కేలు పక్కన పెట్టి, మొత్తం గుంపు ఒకటి, దగ్గరగా ఒకటి. రంగు వెలిసిందా, మచ్చలున్నాయా, పక్కన నాచు ఒరుసుకుంటోందా, ఫోటోలో తెలియాలి.

రెండోది నీరు. పగడానికి ఓ జానెడు దూరంలో, అడుగు ఇసుక కదలకుండా, లీటరు. వేడిమి, లవణీయత, లోతు, సమయం అప్పుడే రాయండి. వేడిమిని తేలిగ్గా తీసుకోకండి. విబ్రియో కొరల్లీలిటికస్ అనే బాక్టీరియా పోసిల్లోపోరా పగడం మీద 22 డిగ్రీల కంటే చల్లని నీటిలో హాని చేయకుండా ఉండి, 27 డిగ్రీలు దాటాక కణజాలాన్నే కరిగించేసినట్టు ప్రయోగాల్లో తేలింది. అదే పగడం, అదే బాక్టీరియా. మారింది నీటి వేడిమి ఒక్కటే. వేడిమి రాయని నమూనా సగం నమూనా.

మూడోది జిగురు. స్వాబ్‌ను పగడం మీద అదుముతూ, తిప్పుతూ, సుమారు 5 సెంటీమీటర్ల మేర నెమ్మదిగా జరపండి. బాగా తీస్తే స్వాబ్ ఎత్తినప్పుడు సన్నటి పారదర్శకమైన తీగ సాగుతుంది, బెండకాయ కోసినప్పుడు కత్తికి సాగినట్టు. ఆ తీగ కనిపించకపోతే మీకు అందింది ఎక్కువగా సముద్రపు నీరే. నీటిలోనే మూత తీసే బదులు, స్వాబ్‌ను మూత ఉన్న సిరంజీ గొట్టంలో దించి, పైకి తెచ్చాక ట్యూబులో వేయండి.

ముక్కను పైకి తీసి గాలిలో తలకిందులుగా పట్టుకుని జిగురు కార్చే పద్ధతి కూడా ఉంది. అలా చేస్తే మొదట కారేది పలచటి నీరు. దాన్ని వదిలేసి, తర్వాత చిక్కగా సాగేది పట్టండి.

నాలుగోది ముక్క. కొమ్మల పగడమైతే 2 నుంచి 3 సెంటీమీటర్ల కొస. బండ పగడమైతే ఉలితో బొటనవేలి గోరంత. పగడం ఎంత నెమ్మదిగా పెరుగుతుందో తలుచుకుంటే ఎక్కువ తీయడానికి చెయ్యి రాదు. ఎప్పుడూ గుంపులో ఒకే ఎత్తు నుంచి, ఎండ పడే ఒకే వైపు నుంచి తీయండి. నీడ వైపు సముదాయం వేరుగా ఉండవచ్చు. ముక్కను నీటిలోనే జిప్ సంచిలో వేసి మూయండి.

ప్రతి గుంపుకూ మధ్య గ్లౌజులు మార్చండి, పనిముట్టును పడవ మీద బ్లీచింగ్‌తో కడిగి, శుద్ధి చేసిన నీటితో మళ్ళీ కడగండి. ఆల్కహాలు క్రిములను చంపుతుంది గానీ వాటి డీఎన్ఏను తొలగించదు. మన సీక్వెన్సింగ్ యంత్రానికి చచ్చిన క్రిమి డీఎన్ఏ అయినా ఒకటే. డీఎన్ఏను పాడుచేసేది బ్లీచింగ్. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే సగం కల్తీ తగ్గుతుంది.

6. ఒడ్డు చేరాక మొదటి గంట

నీటిలోంచి తీసిన 30 నిమిషాల్లో ముక్క నిల్వ ద్రావణంలో ఉండాలి. ఎండలో పెట్టిన సంచిలో పగడం ఒత్తిడికి గురై జిగురు ఇంకా ఊరుస్తుంది, అందులో త్వరగా పెరిగే బాక్టీరియా పుంజుకుంటుంది. నీడ, ఐసు తప్పనిసరి.

ముక్కను మీరు తెచ్చుకున్న వడపోత సముద్రపు నీటితో రెండుసార్లు మెల్లగా కడగండి. వదులుగా అంటుకున్నవి పోతాయి. ఇక్కడ మినరల్ వాటర్ సీసా వాడినవారిని చూశాను. ఉప్పు లేని నీరు తగలగానే కణాలు పగులుతాయి, జిగురు ఊడుతుంది, మీరు చూడదలచుకున్నదే కొట్టుకుపోతుంది.

లీటరు నీటిని వడపోత గొట్టం గుండా పంపి, గొట్టంలో మిగిలిన నీటిని సిరంజీతో ఊది తీసేసి, నిల్వ ద్రావణం నింపి రెండు వైపులా బిగించండి. బురద నీరైతే మధ్యలోనే అడ్డుపడుతుంది. బలవంతం చేయకండి. ఎన్ని మిల్లీలీటర్లు పోయిందో రాసి ఆపేయండి.

తర్వాత ఖాళీ నమూనాలు. అలసిపోయి ఉంటారు, ఇక్కడే వదిలేస్తారు. ప్రతి రోజూ ఇవి తీయాలి:

- గాలిలో తెరిచి మూసిన స్వాబ్
- ముక్కను కడగడానికి వాడిన నీటిలో 5 మిల్లీలీటర్లు
- ఏమీ వేయని నిల్వ ద్రావణం ట్యూబు ఒకటి

7. ల్యాబులో డీఎన్ఏ తీయడం

ముక్కను ద్రవ నత్రజని పోసిన రోలులో నూరండి. పింగాణీ రోలు, రోకలి ముందు రోజే ఓవెన్‌లో కాల్చి ఉంచుకోవాలి. నత్రజని పోసినప్పుడు ముక్క చిటపటమంటుంది. అది ఆగి, తెల్లటి పొగ పలచబడ్డాక నూరడం మొదలుపెట్టండి. నూరగా నూరగా ముద్ద బియ్యప్పిండిలా మెత్తగా, లేత గోధుమ రంగుకు రావాలి. ఇసుక తగిలినట్టు గరగరలాడితే ఇంకా నూరాలి. సున్నపు గూడు వద్దు, కణజాలం మాత్రమే కావాలనుకుంటే గాలి పీల్చి ఊదే ఎయిర్‌బ్రష్‌తో, చల్లని ఉప్పు ద్రావణంతో ఊడదీయండి.

నిల్వ ద్రావణాన్ని పారబోయకండి. ప్రయాణంలో కణజాలం చాలావరకు అందులోకి ఊడి ఉంటుంది. సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున చేరినదాన్ని ముక్కతో కలపండి.

కిట్ విషయానికొస్తే, పూసలతో కొట్టి కణాలను పగులగొట్టే రకం తీసుకోండి. గట్టి గోడ ఉన్న బాక్టీరియా మామూలు ద్రావణానికి లొంగదు. ఒకే ప్రాజెక్టుకు ఒకే కిట్, వీలైతే ఒకే లాట్ నంబరు. లాట్ నంబరును నోటుబుక్కులో రాయండి.

ప్రతి బ్యాచ్‌లో ఏ నమూనా వేయని ఒక ట్యూబును మొదటి నుంచి చివరి దాకా నడపాలి. మేము దీన్ని అక్కర్లేదనుకున్న ఒక సంవత్సరం ఉంది. 24 నమూనాల ఫలితాలు వచ్చాయి. రాల్‌స్టోనియా అనే బాక్టీరియా దాదాపు అన్నింటిలోనూ ఉంది. ఎంత సంబరపడ్డామో! పగడాలతో ఇంతగా కలిసి బతికే దాన్ని మేమే కనుక్కున్నామనుకున్నాం. తర్వాత తెలిసింది, డీఎన్ఏ కిట్లలోనూ, శుద్ధి నీటి గొట్టాల్లోనూ తరచుగా దొరికే పేర్లలో అదొకటి. మాకు ఖాళీ ట్యూబు లేదు. కిట్ నుంచి వచ్చిందని నిరూపించలేం, పగడానిదని చెప్పలేం. ఆ సంవత్సరం పని మొత్తాన్ని పక్కన పెట్టాం. బ్రాడీరైజోబియం, స్యూడోమోనాస్, మనిషి చర్మం మీద ఉండే క్యూటీబాక్టీరియం కూడా ఇలాంటివే. ఇవి కనిపిస్తే ముందు ఖాళీ ట్యూబు వైపు చూడండి.

ఇంకొకటి: ఏయే బాక్టీరియా ఎంతెంత ఉందో ముందే తెలిసిన కృత్రిమ మిశ్రమం బజారులో దొరుకుతుంది. దాన్ని ఒక నమూనాలా నడపండి. తెలిసిన జవాబు సరిగ్గా రాకపోతే తెలియని దాని మీద నమ్మకం పెట్టకూడదు.

8. పీసీఆర్, సీక్వెన్సింగ్

బాక్టీరియాను గుర్తించేది 16ఎస్ జన్యువు. పొడవు సుమారు 1,500 అక్షరాలు. చిన్న ముక్కలు చదివే యంత్రాల్లో అందులో ఒక భాగాన్నే చదువుతాం. బాక్టీరియాను బట్టి మారే ఆ భాగాలకు వి4, వి5 లాంటి పేర్లుంటాయి. పగడం మీద చిక్కేమిటంటే, పగడపు కణాల మైటోకాండ్రియా, శైవలాల హరితరేణువులు కూడా పూర్వం బాక్టీరియా నుంచి వచ్చినవే. కాబట్టి ప్రైమర్లు వాటిని కూడా పట్టుకుంటాయి. పగడం మీద చేసిన చాలా పరిశోధనల్లో వి5, వి6 భాగాలను చదివే 784ఎఫ్, 1061ఆర్ ప్రైమర్లు వాడారు. ఇతర పరిశోధనలతో పోల్చుకోవాలంటే వి4కు 515ఎఫ్, 806ఆర్ జంట. రెండూ మంచివే. ముఖ్యం ఏమిటంటే, సీక్వెన్సింగ్ సంస్థకు పంపేటప్పుడు మీకు కావలసింది మీరే రాసి ఇవ్వడం. లేకపోతే వారు తమకు అలవాటైన వి3, వి4 చేసి ఇస్తారు. అది సుమారు 460 అక్షరాలు. 250 అక్షరాలు చొప్పున రెండు వైపుల నుంచి చదివితే మధ్యలో కలిసే భాగం చాలా తక్కువ.

బ్యాండు రాకపోతే పీసీఆర్ చక్రాలు పెంచకండి. 35 దాటితే కల్తీ కూడా పెరిగి పైకి తేలుతుంది. ముందు డీఎన్ఏను 10 రెట్లు పలచబరచి చూడండి. జిగురులోని పాలిశాకరైడ్లు, గూడు నుంచి వచ్చే కాల్షియం పీసీఆర్‌ను ఆపుతాయి. చాలాసార్లు పలచబరిస్తే బ్యాండు మెరుస్తుంది.

ఖాళీ నమూనాలకు జెల్ మీద బ్యాండు రాలేదని వాటిని పంపకుండా ఆపేస్తారు. పంపండి. జెల్ మీద కంటికి కనిపించనిది సీక్వెన్సర్‌కు కనిపిస్తుంది.

9. కంప్యూటరు ముందు

ల్యాబు దొరకనివారు ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. పగడాల బాక్టీరియా సీక్వెన్సులు అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ వారి ఎస్ఆర్ఏ భాండాగారంలో ఉచితంగా ఉన్నాయి. ఒక మామూలు ల్యాప్‌టాప్, సీక్వెన్సులను విశ్లేషించే చైమ్ 2 (QIIME 2) సాఫ్ట్‌వేర్ లేదా ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో డాడా2 (DADA2) ఉంటే చాలు.

వరుస ఇది. ప్రైమరు అక్షరాలు కత్తిరించండి. నాణ్యత పడిపోయే చోట చివరలు కోయండి, కానీ రెండు ముక్కలు కలవడానికి కనీసం 20 అక్షరాలైనా మిగలాలి. డాడా2తో తప్పులు దిద్ది, సంకరాలు (రెండు వేరువేరు సీక్వెన్సులు అతుక్కుని ఏర్పడినవి) తొలగించండి. సిల్వా అనే 16ఎస్ సీక్వెన్సుల పట్టికతో పేర్లు పెట్టండి. హరితరేణువు, మైటోకాండ్రియా అని తేలినవి తీసేయండి.

తర్వాత చాలామంది ముందుకు వెళ్ళిపోతారు. ఆగండి. కేవలం "బాక్టీరియా" అనో, అసలు ఏ పేరూ లేకుండానో మిగిలినవాటిలో ఎక్కువగా ఉన్న 20 తీసి, పోలిన సీక్వెన్సులు చూపే బ్లాస్ట్‌లో వెతకండి. వాటిలో పగడపు మైటోకాండ్రియావే తరచుగా బయటపడతాయి. "కొత్త బాక్టీరియా" అనుకున్నది పగడమే కావచ్చు.

కల్తీని ఏరడానికి ఆర్‌లో డీకంటామ్ అనే పరికరం ఉంది. మీరు అంత కష్టపడి తీసిన ఖాళీ నమూనాలు ఇప్పుడు అక్కరకొస్తాయి. అది ఏరినదాన్ని గుడ్డిగా తీసేయకండి. జాబితాను చదవండి. పగడం నుంచి ఖాళీ ట్యూబులోకి చిందినది కూడా కల్తీగా కనిపించవచ్చు.

శాతాల విషయంలో జాగ్రత్త. ఒక పగడంలో ఎండోజోయికోమోనాస్ కణాలు 800, మిగతావన్నీ కలిపి 200 ఉన్నాయనుకోండి. మిగతావి 20 శాతం. వేడికి ఎండోజోయికోమోనాస్ 200కు పడిపోయింది, మిగతావి అలాగే 200 ఉన్నాయి. ఇప్పుడు మిగతావి 50 శాతం. వాటిలో ఒక్క కణం కూడా పెరగలేదు, అయినా గ్రాఫు చూసి "హానికర బాక్టీరియా రెట్టింపు దాటింది" అని రాసేస్తాం. అసలు సంఖ్య కావాలంటే క్యూపీసీఆర్‌తో మొత్తం 16ఎస్ నకళ్ళు లెక్కించి పక్కన పెట్టండి.

పోలికకు పెర్మనోవా (సముదాయాల మధ్య తేడాను చూసే గణాంక పరీక్ష) వాడేటప్పుడు, పోల్చే ఒక్కో వర్గంలోని నమూనాల మధ్య చెదురు ఎంత ఉందో విడిగా పరీక్షించండి. ఒత్తిడిలో ఉన్న పగడాల్లో ఒక్కోదానిలో సముదాయం ఒక్కో దారి పట్టడం తరచు చూస్తాం. సగటు మారడం వేరు, చెదరడం వేరు. రెండూ చెప్పదగినవే, కానీ ఏది జరిగిందో చెప్పాలి.

10. ప్లేట్ల మీద పెంచాలనుకుంటే

భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో పనిచేసినవారికి విబ్రియోలను పెంచే టీసీబీఎస్ ప్లేటు అలవాటే. అక్కడ పసుపు కాలనీలు, ఆకుపచ్చ కాలనీలు లెక్కపెట్టి, ఆకుపచ్చవి పెరిగితే కంగారు పడతారు. ఆ లెక్కను పగడానికి తీసుకురావద్దు. ఆ రంగు చెప్పేది చక్కెరను పులియబెట్టగలదా లేదా అన్నది మాత్రమే. పైన చెప్పిన విబ్రియో కొరల్లీలిటికస్ టీసీబీఎస్ మీద పసుపుగానే వస్తుంది. అలాగే ఆరోగ్యంగా ఉన్న పగడాల మీద కూడా విబ్రియోలు ఉంటాయి. కనిపించడమే జబ్బు కాదు.

మామూలు సముదాయానికి మెరైన్ అగార్ వాడండి, 27, 28 డిగ్రీల వద్ద కనీసం వారం ఉంచండి. రెండో రోజే ప్లేటు తీసేస్తే త్వరగా పెరిగేవే మీ ప్రపంచం అవుతాయి. ఎంత ఓపిక పట్టినా పగడం మీద ఉన్నవాటిలో చిన్న భాగమే ప్లేటు మీద పెరుగుతుంది.

11. తరచుగా వచ్చే చిక్కులు, దిద్దుబాట్లు

*జిగురు నమూనా, నీటి నమూనా ఒకేలా వచ్చాయి.* స్వాబ్‌లో తీగ సాగలేదేమో, ఫోటోలు, నోట్సు చూడండి. కణజాలం ముక్కలో కూడా అదే వస్తే, ముక్కను కడగడం సరిగ్గా జరగలేదు.

*సగానికి పైగా సీక్వెన్సులు హరితరేణువువో, మైటోకాండ్రియావో.* ప్రైమరు మార్చి మళ్ళీ చేయడం మంచిది. డబ్బు లేకపోతే మిగిలిన వాటితోనే పని చేయండి, కానీ ఒక్కో నమూనాలో ఎన్ని మిగిలాయో పట్టికలో చూపించండి.

*ఖాళీ నమూనాలోనూ, పగడంలోనూ ఒకటే బాక్టీరియా, అదీ ఎండోజోయికోమోనాస్.* ఇది కిట్ నుంచి వచ్చేది కాదు. పీసీఆర్ ప్లేటులో పక్క గడి నుంచి చింది ఉంటుంది. ప్లేటు అమరిక చూడండి. ఇకపై ఖాళీ నమూనాలను ఒక మూలన పెట్టకుండా నమూనాల మధ్య చెదరగొట్టి పెట్టండి.

*ఎండోజోయికోమోనాస్ అసలు రాలేదు.* పగడం జబ్బు పడిందని రాయకండి. కొన్ని జాతుల్లో అది సహజంగానే తక్కువ. అదే జాతి మీద వచ్చిన ఇతర సమాచారంతో పోల్చండి.

*నమూనాలు జాతుల వారీగా కాక, డీఎన్ఏ తీసిన తేదీల వారీగా గుంపులు కట్టాయి.* ఒక జాతిని సోమవారం, మరోదాన్ని మంగళవారం తీసి ఉంటారు. దీనికి తర్వాత చేసే మందు లేదు. వచ్చేసారి అన్ని జాతులను కలగలిపి బ్యాచ్‌లు వేయండి.

12. డేటా అప్పగించేముందు

- ముడి సీక్వెన్సులు ఎస్ఆర్ఏలో పెట్టారా? ఖాళీ నమూనాలవి కూడా?
- ఒక్కో నమూనాకు తేదీ, చోటు, లోతు, వేడిమి, లవణీయత, పగడం జాతి, గది, నిల్వ ద్రావణం, కిట్ లాట్ ఉన్నాయా?
- అనుమతి పత్రం నంబరు రాశారా?
- పగడం ఫోటోలు నమూనా నంబరుతో కలిపి దాచారా?
- ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఏ అమరికలు వాడారో ఫైలుగా పెట్టారా?

మిగిలిన డీఎన్ఏను పారేయకండి. −80 ఫ్రీజర్‌లో ఏ అరలో, ఏ పెట్టెలో, ఎన్నో గడిలో ఉందో నోటుబుక్కులోనూ, పెట్టె మూత లోపలి వైపు పెన్సిలుతోనూ రాయండి. ఆరు నెలల తర్వాత సమీక్షకులు "ఈ 7వ నమూనాను మళ్ళీ చేయండి" అని అడుగుతారు. అప్పటికి ఆ పెట్టె తెరిచేది మీరు కాకుండా మీ జూనియర్ కావచ్చు.